మోడల్ రైల్వే క్లబ్బుల చేరిన, బల్ల కింద వైర్లే కడుతున్న... మానెయ్యాల్నా అన్నా?

ఈ వారం ఉత్తరం వచ్చింది కాలిఫోర్నియా నుంచి. పేరు వద్దన్నాడు, కొంచెం కుదించి ఇస్తున్నా.

"అన్నా నమస్తే. మాది కాజీపేట. మా నాయిన డీజిల్ షెడ్ల ఫిట్టర్ చేసి రిటైర్ అయిండు, నేను రైల్వే క్వార్టర్స్‌లనే పెరిగిన. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎచ్ వన్ మీద ఉన్న. కొన్ని నెలల కింద మా దగ్గరి మోడల్ రైల్‌రోడ్ క్లబ్బు (చిన్న బొమ్మరైళ్ళు కట్టి నడిపేటోళ్ళు) ఓపెన్ హౌస్ పెడితే చూడనీకి పోయి, పిచ్చెక్కి అక్కడనే ఫారం నింపిన. ఇప్పుడు ప్రొబేషన్ మెంబర్‌ని, నెలకు 35 డాలర్లు కడుతున్న. కానీ పోయినప్పుడల్లా బల్ల కిందికి దూరి వైర్లు పట్టుకునుడు, పట్టాలు తుడుసుడు, ఇదే పని. అందరు అరవై డెబ్బై ఏండ్లోళ్ళు, వాళ్ళ ముచ్చట్లు వాళ్ళయి. ఒక్కసారి ఆపరేటింగ్ సెషన్‌ల (నిజం రైల్వే లెక్క రైళ్ళు నడిపే రోజు) రైలు చేతికిస్తే సింగిల్ లైన్‌ల ఎదురుంగ వచ్చే రైలుకు అడ్డం పోయిన, డిస్పాచర్ (రైళ్ళన్నిటిని కంట్రోల్ చేసేటాయన) అందరి ముందట గట్టిగనే అన్నడు. మన డబ్ల్యూడీఎం 2 డీజిల్ ఇంజన్ మోడల్ తెప్పిచ్చుకుని నడుపుత అంటే 'ఇది 1950ల సదరన్ పసిఫిక్ లేఅవుట్, కుదరదు' అన్నరు, అంటే వాళ్ళు కట్టిన పట్టాలు, కొండలు, ఊళ్ళు అన్నీ అప్పటి ఆ అమెరికా రైల్వే కంపెనీయే అన్నట్టు. మా ఇంటామె అయితే పైసలిచ్చి మరీ కూలికి పోతున్నవా అని నవ్వుతది. మానేసి ఇంట్లనే ఒక్కన్ని కట్టుకోవాల్నా?"

తమ్ముడూ, మానకు. కనీసం ఇప్పుడే మానకు.

మీ ఆవిడ అన్న మాట ఉంది చూడు, అది నూటికి నూరుపాళ్ళు కరెక్టు, అమెరికాలో మోడల్ రైల్ క్లబ్బు అంటే డబ్బులిచ్చి మరీ చేసే కూలీయే. నువ్వు కట్టే డ్యూస్ హాలు అద్దెకీ కరెంటుకీ ఇన్సూరెన్సుకీ సరిపోతే గొప్ప, ఆ లేఅవుట్ కట్టేదీ బాగుచేసేదీ అంతా మెంబర్ల చేతులే, జీతానికి ఎవడూ రాడు. ఓపెన్ హౌస్ రోజున నువ్వు నోరు తెరుచుకుని చూసిన ఆ కొండలూ టన్నెళ్ళూ యార్డూ వెనకాల ఎవరెవరో ఏళ్ళ తరబడి శుక్రవారం రాత్రులు బల్ల కింద వెల్లకిలా పడుకుని కళ్ళల్లో టంకం పొగ పెట్టుకున్నారు, వాళ్ళల్లో కొందరు ఇప్పుడు లేరు కూడా. కాబట్టి నిన్ను బల్ల కిందికి పంపడం అవమానం అనుకోకు.

ఇంకోటి చెప్తా, ఇది నీ వృత్తికి సంబంధించింది కాబట్టి. ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ అని ఒకటుంది. అక్కడ లేఅవుట్ మీద 40 గంటలు పని చేస్తే గానీ గది తాళం చెవి ఇచ్చేవాళ్ళు కాదు. అందులో రెండు రకాల జనం, ఇంజన్లకి రంగులేసి ఊళ్ళూ చెట్లూ కట్టేవాళ్ళు ఒక వైపు, బల్ల కింద టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన రిలేలు స్విచ్చులతో సిగ్నళ్ళూ కరెంటూ నడిపే సిగ్నల్స్ అండ్ పవర్ బ్యాచ్ ఇంకో వైపు. ఆ బల్ల కింద బ్యాచ్ వాళ్ళే తర్వాత టీఎక్స్ జీరో, పీడీపీ 1 కంప్యూటర్ల మీద పడ్డారు, 1962లో స్పేస్‌వార్ అనే కంప్యూటర్ గేమ్ రాసిన స్టీవ్ రసెల్ కూడా ఆ క్లబ్బు మనిషే. అంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పెద్దమనుషులు అనదగ్గవాళ్ళు బల్ల కిందనుంచే లేచొచ్చారన్నమాట, మీ ఆవిడకి ఇది చెప్పి చూడు, ఇంకా గట్టిగా నవ్వితే నాకు సంబంధం లేదు.

సరే, అలాగని ప్రతి క్లబ్బూ మంచిదే అనట్లేదు. కొత్తవాళ్ళని వాడుకునేవి కూడా ఉన్నాయి. తేడా తెలుసుకోవడం సులువే. పని రోజున పాత మెంబర్లు కూడా నీ పక్కన దూరుతున్నారా, లేక కొత్తవాళ్ళు కింద ఉంటే వాళ్ళు పైన కాఫీ తాగుతూ కూచుంటున్నారా? నీకు ఎవరైనా ఒక మనిషిని నేర్పించడానికి అప్పగించారా? ప్రొబేషన్ ఎన్నాళ్ళో, చివర్లో ఓటింగ్ ఎలాగో బైలాస్‌లో రాసుంటుంది, అది అడిగి తీసుకుని చదువు, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. తేదీ చెప్పకుండా "చూద్దాం చూద్దాం" అంటూ సాగదీస్తుంటే మాత్రం ఇంకో క్లబ్బు చూసుకో, కాలిఫోర్నియాలో క్లబ్బులకి కరువు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం చదువుతుంటే నాకు తెలిసిందేంటంటే నువ్వు వెళ్తున్నావు, చెప్పిన పని చేస్తున్నావు, వచ్చేస్తున్నావు. కొత్త అల్లుడిలా ఎవరో పిలిచి కూర్చోబెడతారని చూస్తున్నావు. అక్కడ అలా జరగదు. ఎవరూ చేయడానికి ఇష్టపడని పని ఒకటి చూసి "ఇది నాది" అని తీసేసుకోవాలి.

ఏ పని అంటావా, నేనైతే పాడైపోయిన వ్యాగన్ల డబ్బా తీసుకోమంటా. ప్రతి క్లబ్బులోనూ ఉంటుంది అది, సెషన్‌లో పట్టా తప్పినవీ కప్లర్ (పెట్టెల్ని కలిపే కొక్కెం) ఊడినవీ చీటీ తగిలించి ఒక డబ్బాలో పడేస్తారు, అవి అలాగే నెలల తరబడి పడుంటాయి. ఎన్ఎంఆర్ఏ (ఇక్కడి మోడల్ రైల్‌రోడ్ వాళ్ళ జాతీయ సంఘం) వాళ్ళ కొలత గేజ్ ఒకటి కొనుక్కో, సన్నటి రేకు ముక్క అంతే, చక్రాల మధ్య దూరం, పట్టాల మధ్య దూరం, పాయింట్ల (పట్టాలు చీలే చోటు) దగ్గర సందు అన్నీ దానితోనే చూడొచ్చు. కేడీ కంపెనీ వాళ్ళ కప్లర్ ఎత్తు చూసే గేజ్ ఇంకోటి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా (మీ ఆవిడది తీసుకోకు, వేరేది కొనుక్కో). వ్యాగన్ పట్టా తప్పడానికి నూటికి తొంభై కారణాలు ఈ మూడింటితో బయటపడతాయి. చక్రాలు గేజ్‌లో లేకపోవడం, కప్లర్ కింద వేలాడే వంకర తీగ కిందికి దిగిపోయి పాయింట్లలో తట్టుకోవడం, బరువు చాలకపోవడం. బరువుకి హెచ్ఓ స్కేల్‌లో (అంటే అసలు రైలులో 87వ వంతు సైజు) లెక్క ఏంటంటే ఒక ఔన్సు వేసుకుని, పెట్టె పొడవు ఎన్ని అంగుళాలుంటే అంగుళానికి అర ఔన్సు చొప్పున కలపాలి, అంటే ఆరంగుళాల పెట్టెకి నాలుగు ఔన్సులు, మన లెక్కలో 113 గ్రాములు. తేలిక పెట్టెని పొడుగాటి గూడ్సు మధ్యలో పెడితే మలుపులో ముందు ఇంజన్ లాగుతుంది, వెనక బరువు ఆపుతుంది, మధ్యలో ఇది లోపలి వైపుకి పడిపోతుంది, దాన్ని చూసి జనం ఆ పాయింటుని తిట్టుకుంటూ ఉంటారు పాపం.

నెల రోజులు ఈ డబ్బా పని చెయ్యి. తర్వాత చూడు, ముసలాయన ఒకాయన తన సొంత బాక్స్‌కార్ పట్టుకుని "ఇదేదో ఊగుతోంది కాస్త చూడు" అని నీ దగ్గరికే వస్తాడు, అక్కడినుంచి మాటలు వాటంతట అవే వస్తాయి. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వనిదే వేరేవాళ్ళ ఇంజను మీద చెయ్యి వెయ్యకు. పట్టా తప్పిన రైలుని చేత్తో ఎత్తి పెట్టడాన్ని వాళ్ళు జీరో ఫైవ్ జీరో అని జోక్ చేస్తారు, అయిదు వేళ్ళ ఇంజన్ అని, ఆ జోక్ నీ సొంత రైలు వరకే.

డిస్పాచర్ అరిచిన సంగతికి వద్దాం. ఇది నాకు చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది ఎందుకంటే నువ్వు రైల్వే క్వార్టర్స్ పిల్లాడివి కాబట్టే ఆ తప్పు చేశావని నా అనుమానం. మన దగ్గర స్టేషన్ మాస్టర్ ముందు స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోకుండా బండి వదలడు, సింగిల్ లైన్ అయితే పాతరోజుల్లో టోకెన్ బంతి ఇచ్చేవాళ్ళు, అది చేతిలో ఉందంటే ఆ సెక్షన్ నీదే. డ్రైవర్ సిగ్నల్ చూసుకుంటే చాలు. 1950ల అమెరికాలో చాలా సింగిల్ లైన్లలో అసలు ఆ పద్ధతే లేదు. టైమ్‌టేబుల్ అండ్ ట్రైన్ ఆర్డర్ అంటారు, ఎవడూ లైన్ క్లియర్ ఇవ్వడు, నీ జేబులో టైమ్‌టేబుల్ ఉంటుంది, చేతిలో ఆర్డర్ కాగితం ఉంటుంది, ఆ రెండూ చూసుకుని నువ్వే తేల్చుకోవాలి ఎక్కడ ఆగాలో. ఫస్ట్ క్లాస్ బండికి సెకండ్ క్లాస్ బండి దారివ్వాలి, ఎక్స్‌ట్రా అని రాసిన బండి రెగ్యులర్ బండ్లన్నిటికీ దారివ్వాలి, అదీ ఎదురుబండి టైముకి అయిదు నిమిషాల ముందే సైడింగ్‌లో (పక్క లైన్‌లో) దూరిపోయి ఉండాలి. క్లబ్బులో గడియారం వేగంగా తిరుగుతుంది కదా, నాలుగు రెట్ల వేగం పెట్టారనుకో, ఆ అయిదు నిమిషాలు నిజానికి 75 సెకన్లు. కొత్తవాడికి 75 సెకన్లలో అంత ఆలోచన రాదు, ఎదురెదురు రైళ్ళు ముక్కులు గుద్దుకోవడం అక్కడ ఎంత మామూలంటే దానికి కార్న్‌ఫీల్డ్ మీట్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

అందుకే ఈసారి ఇంజనీరుగా (ఇక్కడ డ్రైవర్‌ని అలాగే అంటారు) పేరు రాయకు, కండక్టరుగా రాయి. థ్రాటిల్ ఇంకొకరి చేతిలో ఉంటుంది, కాగితాలు నీ చేతిలో. ఏ వ్యాగను ఏ ఊళ్ళో విప్పాలో కార్డులు చూసి చెప్పడం, ఎదురుబండి ఎక్కడ కలుస్తుందో చూసుకోవడం నీ పని. లేకపోతే యార్డ్‌మాస్టర్ దగ్గర సహాయానికి నిలబడు. యార్డు అంటే అందరికీ భయం, ఎందుకంటే అక్కడ ఖాళీగా కూర్చునే టైము ఉండదు, అందుకే ఎప్పుడూ మనిషి తక్కువే. ఆ పని తెలిసినవాడికి ఏ క్లబ్బులోనైనా గౌరవం ఉంటుంది. అరిచిన డిస్పాచర్ దగ్గరికే వెళ్ళి "నాకు ఆర్డర్ చదవడం నేర్పు" అని అడుగు కూడా, అడిగినవాడికి నేర్పించని డిస్పాచర్‌ని నేనింకా చూడలేదు, కాకపోతే రెండు గంటలు వదలడు, డిన్నర్ చేసి వెళ్ళు.

ఇక డబ్ల్యూడీఎం 2. తమ్ముడూ, నీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది ఇదే. వాళ్ళు ఒప్పుకోలేదని కాదు, నువ్వు సగం మాటే చెప్పావని.

లేఅవుట్‌కి కాలం, చోటు పెట్టుకోవడంలో తప్పులేదు. శాన్ డియాగోలో బాల్బోవా పార్క్ మ్యూజియంలో లా మేసా క్లబ్బు వాళ్ళది వెళ్ళి చూడు వీలైతే, కాలిఫోర్నియాలోని టెహాచపీ కనుమని 1950ల లెక్కన కట్టారు, పొడుగాటి రైలు తన తోక మీదుగా తానే దాటే ఆ లూప్‌తో సహా. అలాంటి చోట మన నీలం పెట్టెలు తిరిగితే వాళ్ళు అన్నేళ్ళు పడ్డ కష్టం చెడినట్టే కదా. ఆ రూల్‌ని గౌరవించు.

కానీ డబ్ల్యూడీఎం 2 ఎవరిది? ఆల్కోది. న్యూయార్క్ రాష్ట్రంలో షెనెక్టడీ ఊళ్ళో ఆల్కో కంపెనీ డిజైన్ చేసింది, మొదటి ఇంజన్లు 1962లో అక్కడినుంచే మనకి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనమే కట్టుకున్నాం, 16 సిలిండర్ల ఆల్కో 251 ఇంజన్, 2600 హార్స్ పవర్. ఆల్కో 1969లో మూతపడింది, మనవాళ్ళు మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి కడుతూనే ఉన్నారు. సదరన్ పసిఫిక్ కూడా ఆల్కోలు చాలానే నడిపింది. ఈ దేశంలో రైలు పిచ్చి ఉన్న ముసలాళ్ళకి ఆల్కో అంటే ప్రాణం, థ్రాటిల్ లాగగానే నల్లటి పొగ మేఘంలా లేస్తుందని దాన్ని గౌరవ స్టీమ్ ఇంజన్ అని పిలుచుకుంటారు. మీ నాయిన ఆ 251 ఇంజన్ విప్పి బిగించిన మనిషి! నువ్వు ఆ ముసలాళ్ళ మధ్య ఇన్ని నెలలుగా బల్ల కింద కూచుని ఈ ముక్క ఎవరికీ చెప్పలేదంటే ఏమనాలి నిన్ను. నీకూ వాళ్ళకీ కలిసే ముచ్చట లేదన్నావు, వాళ్ళల్లో ఎవరికీ లేని ముచ్చట నీ దగ్గరుంది. మీ నాయినకి ఫోన్ చేసి షెడ్డులో దిగిన పాత ఫోటోలు ఉంటే వాట్సాప్‌లో తెప్పించుకో, పని రోజున టీ టైములో చూపించు. టర్బో పాడైతే ఏం చేసేవాళ్ళు, పొగ ఎక్కువొస్తే ఏం చూసేవాళ్ళు, ముందే అడిగి తెలుసుకుని వెళ్ళు ఎందుకంటే వాళ్ళు వదలరు, గుచ్చి గుచ్చి అడుగుతారు. అప్పుడు "కాలం పట్టింపు లేని రోజు ఏదైనా ఉంటే మా ఇంజను తెచ్చుకోవచ్చా" అని అడుగు. చాలా క్లబ్బులు నెలలో ఏదో ఒక రోజు ఎవరికి నచ్చింది వాళ్ళు నడుపుకోమని వదిలేస్తాయి.

తెచ్చేముందు ఒక మాట. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, హెచ్ఓ స్కేల్ 87లో ఒక వంతు కాబట్టి లెక్కప్రకారం పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి, హెచ్ఓ పట్టాలు 16.5. అంటే ఆ పట్టాల మీద నడిచే మన ఇంజను ఏదైనా చక్రాలు కొంచెం లోపలికి ఉంటాయి, ముందునుంచి చూస్తే తెలుస్తుంది, అది నీకు ఓకే అనుకుంటేనే కొను. కప్లర్లు కేడీ రకానివి మార్చుకో, డీసీసీ (పట్టాల ద్వారా ఒక్కో ఇంజనుకి విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి) డికోడర్ అడ్రసుకి ఇంజన్ నంబర్లో చివరి అంకెలు వాడు. డికోడర్ ప్రోగ్రామింగ్ మాత్రం విడిగా ఉండే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదే చెయ్యి. ఆ ఆదేశం పట్టా మీద ఉన్న ప్రతి ఇంజనుకీ వెళ్తుంది, మెయిన్ లైన్ మీద చేశావంటే అక్కడున్న ఇంజన్లన్నిటి అడ్రసూ ఒకటే అయి కూచుంటుంది, ఆ రోజు ఇక డిస్పాచర్ ఒక్కడే కాదు అరిచేది.

సాఫ్ట్‌వేర్ వాడివి కదా, ఇంకో హెచ్చరిక. క్లబ్బుల్లో లేఅవుట్‌ని కంప్యూటర్ నుంచి నడపడానికి జేఎంఆర్ఐ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ బాగా వాడతారు, జావాలో రాసింది, దానిమీద పెద్ద కోర్టు కేసు కూడా నడిచింది, ఓపెన్ సోర్స్ లైసెన్సు షరతు మీరితే కాపీరైట్ ఉల్లంఘన కింద పట్టుకోవచ్చని 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తీర్పు ఇచ్చింది జేకబ్సెన్ కేసులో. అంటే మన ఆఫీసుల్లో వాడే లైసెన్సులకి బలం వచ్చింది బొమ్మరైళ్ళ సాఫ్ట్‌వేర్ వల్ల. నీకు అక్కడ చెయ్యడానికి పని ఉంటుంది, పానెల్స్ సరిచెయ్యడం, బ్యాకప్ తీయడం లాంటివి. కానీ వెళ్ళిన కొత్తలోనే "ఇదంతా పాతది, నేను మొత్తం మళ్ళీ రాసేస్తా" అనకు దయచేసి. నువ్వు వీసా మారి టెక్సాస్ వెళ్ళిపోతే అది ఎవడు చూసుకుంటాడు అని వాళ్ళ భయం, న్యాయమైన భయమే.

ఇంట్లో ఒక్కడినే కట్టుకోవడం గురించి అడిగావు. అద్దె అపార్ట్‌మెంట్‌లో వద్దు. 24 ఎల్‌హెచ్‌బీ పెట్టెల రైలు హెచ్ఓలో ఆరున్నర మీటర్లు, 160లో ఒక వంతు ఉండే ఎన్ స్కేల్‌లో కూడా మూడున్నర మీటర్లు, ఇంజన్ కాకుండా. అది ప్లాట్‌ఫారం మీద నిలబడి, తిరిగి, సైడింగ్‌లోకి వెళ్ళాలంటే హాలూ బెడ్రూమూ చాలవు. క్లబ్బు వదలకుండా ఇంట్లో ఒక మాడ్యూల్, అంటే లేఅవుట్‌లో విడిగా మోసుకెళ్ళగల ఒక ముక్క, కట్టు. ఫ్రీ-మో అని కాలిఫోర్నియాలోనే పుట్టిన పద్ధతి, రెండు చివర్లూ మాత్రం స్టాండర్డ్‌లో ఉండాలి, నేల నుంచి పట్టా ఎత్తు 50 అంగుళాలు, మధ్యలో నీ ఇష్టం, షోలకి తీసుకెళ్ళి మిగతావాళ్ళ మాడ్యూళ్ళకి తగిలిస్తే రైలు అన్నిటి మీదా తిరుగుతుంది. కారు డిక్కీలో పడుతుంది, ఉద్యోగం మారి వేరే రాష్ట్రం పోయినా నీతోనే వస్తుంది. వీసా మనుషులకి ఇంతకన్నా మంచిది లేదు.

దాని మీద కాజీపేట మొత్తం కట్టాలనుకోకు. బల్లార్షా లైను, విజయవాడ లైను, సికింద్రాబాద్ లైను కలిసే జంక్షన్ అది, పదేళ్ళు పడుతుంది. ఒక చిన్న ముక్క తీసుకో, షెడ్డు ముందు రెండు లైన్లు, ఒక ఫ్యూయల్ పాయింటు, గోడ మీద పోస్టరు, చాలు. నేను రాజమండ్రి వాణ్ణి కాబట్టి ఊరికే చెప్తున్నా, మా ఆర్చి బ్రిడ్జి 28 ఆర్చిలు, ఒక్కోటి 97 మీటర్ల పైచిలుకు, ఎన్ స్కేల్‌లో లెక్కేస్తే ఒక్క ఆర్చి సరిగ్గా రెండడుగులు వస్తుంది, నాలుగడుగుల మాడ్యూల్‌లో రెండు ఆర్చిలు కుదిరినట్టు కూర్చుంటాయి. మొత్తం బ్రిడ్జి కట్టాలంటే ఎన్‌లో కూడా 17 మీటర్లు, అది ఎవరైనా గోదావరి జిల్లాల వాళ్ళు పద్నాలుగు మంది కలిస్తే చూద్దాం.

డబ్బు సంగతి మీ ఆవిడతో ముందే మాట్లాడుకో. నెలకి 35 డాలర్లు పెద్ద ఖర్చు కాదు, అసలు ఖర్చు ఇంజన్లు, సౌండ్ డికోడర్ ఉన్నదైతే ఒక్కోటి మూడు వందల దాకా కూడా పోతుంది, ఒకటి కొంటే చేతులు ఆగవు. ఏడాదికి ఇంత అని రాసుకో, ఆమెకి తెలిసే రాసుకో. శుక్రవారాలు అన్నీ కాదు, నెలలో రెండు చాలు, పండగ పడితే అది కూడా మానుకో. ఓటింగ్ ఉన్న బిజినెస్ మీటింగ్ మాత్రం మిస్ కాకు, రైళ్ళు నడవవు కాబట్టి కొత్తవాళ్ళు దానికి ఎగ్గొడతారు, కానీ నిన్ను ఫుల్ మెంబర్‌గా తీసుకోవాలా వద్దా అని చేతులెత్తేది అక్కడే, ఆ రోజు నీ మొహం అందరికీ గుర్తుండాలి. ఓటు అయ్యేదాకా ఖరీదైన ఇంజన్ కొనకు, గేజ్‌లూ కాటాతో సరిపెట్టుకో.